కుట్టాలా, అంటించాలా, జెల్ పూయాలా?

దెబ్బ తగిలి వచ్చినవాళ్లు ఒకప్పుడు "ఎన్ని కుట్లు పడతాయి సిస్టర్?" అని అడిగేవారు. ఇప్పుడు సగంమంది "కుట్లొద్దమ్మా, గమ్మెట్టేత్తారంట గదా, అదెట్టేయండి" అంటున్నారు. తప్పేం లేదు. గమ్ ఉంది, బాగానే పనిచేస్తుంది, కొన్నిచోట్ల కుట్టుకన్నా మేలు కూడా. కాకపోతే అది ఏ గమ్, ఎక్కడ వాడాలి అన్నది తేలాలి.

నేను విజయనగరంలో ఆపరేషన్ థియేటర్ నర్సుని. అంతకుముందు కొన్నేళ్లు విశాఖలో న్యూరో థియేటర్‌లో, అంటే మెదడు, నరాల ఆపరేషన్లు చేసే చోట చేశాను. డాక్టరు చూసి చెప్పాల్సింది డాక్టరే చెప్పాలి. ఆయన చెప్పింది అర్థం కావడానికి, టేబుల్ ఎక్కేముందు నాలుగు ప్రశ్నలు అడగడానికి ఇది పనికొస్తుంది.

మొన్న వేసవిలో గంట్యాడ వైపు నుంచి భార్యాభర్తలు వచ్చారు. కట్టెలు కొడుతుంటే ఆయన పిక్క మీదకి గొడ్డలి జారింది. లోపల కండ కనిపిస్తోంది. ఆవిడ చేతిలో మెడికల్ షాపు కవరు, అందులో హైడ్రోజెల్ ట్యూబు. "ఫోన్లో చూసినాం, హైడ్రోజెల్ గాయాన్ని మూసేత్తాదంట." వాళ్లు చూసింది అబద్ధం కాదు, కొన్నదీ హైడ్రోజెలే. కానీ చూసింది ఒకటి, కొన్నది ఇంకొకటి. షాపులో ఇచ్చే ఆ ట్యూబు ఎండిపోయిన పుండును తడపడానికి. దానికి అంటించే గుణమే లేదు. గాయాన్ని మూసే హైడ్రోజెల్ పెద్దాసుపత్రి థియేటర్లలో ఉంటుంది. అది కూడా పిక్క మీద గాటుకి కాదు, మెదడు పొరకి, రక్తనాళానికి, ఊపిరితిత్తికి. ఆయనకి చివరికి లోపలొక వరస, పైనొక వరస కుట్లే పడ్డాయి.

అందుకే దేన్ని దేనితో పోల్చాలన్నా ముందు గాయానికి ఏం కావాలో చూడాలి. అంచులు కలపాలా? రక్తం ఆపాలా? తడి నిలపాలా? లోపల ఎక్కడో కారుతున్నదాన్ని అడ్డుకోవాలా? ఒక్కో పనికి ఒక్కో సరుకు. ఒకదాని బదులు ఇంకోటి వాడితే డబ్బూ పోతుంది, పుండూ మిగులుతుంది.

హైడ్రోజెల్ అంటే తాటి ముంజెను తలుచుకోండి. దాదాపు అంతా నీళ్లే, అయినా కారిపోదు, వేలితో నొక్కితే వణికి మళ్లీ తన ఆకారానికి వస్తుంది. సన్నటి పాలిమర్ దారాల వల నీళ్లను పట్టి ఉంచడం వల్లే ఆ గుణం. 1960లో ఓటో విఖ్టర్లె, ద్రహోస్లావ్ లిమ్ అనే చెక్ శాస్త్రవేత్తలు ఒంటికి పడే ఇలాంటి జెల్ గురించి ప్రకటించారు. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు అందులోంచి వచ్చినవే. మన కండ, పేగు, మెదడు కూడా తడిగా, మెత్తగానే ఉంటాయి కాబట్టి ఆ జెల్ వాటితో సర్దుకుపోతుంది. చిక్కల్లా అంటించడం దగ్గరే. తడి గోడకి పోస్టరు నిలుస్తుందా? ఒంటి లోపల అన్నీ తడి గోడలే.

పైన తెగిన గాయానికి

చర్మం మీద వాడే గమ్ అసలు హైడ్రోజెలే కాదు. దాని పేరు సయనోఅక్రిలేట్, అందులో నీళ్లుండవు. చర్మం మీది తేమ తగలగానే గట్టిపడుతుంది, గట్టిపడేటప్పుడు కాస్త వేడి పుడుతుంది. పిల్లలు "చుర్రుమంది" అనేది అందుకే. 1942లో అమెరికాలో కోడక్ కంపెనీలో హ్యారీ కూవర్ తుపాకీ గురి చూసే అద్దాలకి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఇది చేతికొచ్చింది. అన్నిటికీ అంటుకుపోతోందని అప్పట్లో పక్కన పడేశారు. వియత్నాం యుద్ధంలో సైనికులకి రక్తం ఆపడానికి దీన్ని స్ప్రే చేశారు. చర్మానికి వాడే రకానికి అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది.

ఇది వేసే పద్ధతి చాలామంది అనుకునేదానికి తిరగబడి ఉంటుంది. గమ్ గాయంలోకి పోయరు, గాయం మీద పూస్తారు. రెండు అంచులూ వేళ్లతో దగ్గరికి తెచ్చి పట్టుకుని, పైన పలచగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత వేసి, గట్టిపడేదాకా వదలకుండా పట్టుకోవాలి. లోపలికి కారిందంటే రెండు అంచుల మధ్య గాజు పెంకులా నిలిచి, కలవాల్సిన చర్మాన్ని కలవనివ్వదు. కనుబొమ్మ దగ్గర వేసేటప్పుడు కిందికి కారి రెప్పలు అంటుకోకుండా గాజు గుడ్డ అడ్డం పెట్టి, తలను కాస్త వెనక్కి వంచుతాం. ఆ ఒక్క నిమిషం పిల్లాడి తల్లికన్నా నాకే టెన్షన్ ఎక్కువ.

కుట్టుతో పోలిస్తే ఇక్కడ గమ్‌దే పైచేయి. సూది లేదు, మత్తు ఇంజక్షన్ లేదు, కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ బస్సెక్కి రావక్కర్లేదు. అయిదు నుంచి పది రోజుల్లో పొరలా దానంతటదే రాలిపోతుంది. మచ్చ కూడా కుట్టుతో పడే మచ్చ లాగే ఉంటుంది. పరిశోధనలను ఒకచోట చేర్చి చూసినప్పుడు తేలిన లోటు ఒక్కటే: అంటించిన గాయాలు కుట్టినవాటికన్నా కాస్త ఎక్కువగా విడిపోతాయి. కాబట్టి లాగుడు పడే చోట కుట్టే గెలుస్తుంది. మోకాలు, మోచెయ్యి, వేలి కణుపు, అరచెయ్యి, అరికాలు గమ్ చోట్లు కావు. పెదవి, నోటి లోపల తడికి నిలవదు. లోతుగా తెగి అంచులు నోరు తెరుచుకుంటే, లోపల కుట్టేయకుండా పైన ఒక్కటే అంటించడం ఇంటి పునాది వదిలేసి సున్నం కొట్టడమే.

నుదురు, గడ్డం, బుగ్గ మీద చిన్నపిల్లల గాట్లకైతే నేను గమ్ వైపే. తల పగిలినా జుట్టు చాలినంత ఉంటే ఒక చక్కటి పద్ధతి ఉంది. గాయానికి అటో పాయ, ఇటో పాయ తీసి, ఒకదాని చుట్టూ ఒకటి మెలేసి, మెలిక మీద ఒక్క చుక్క గమ్ పెడతారు. జుట్టే కుట్టవుతుంది. గొరగక్కర్లేదు. ఆడపిల్లల తల్లులు దణ్ణం పెడతారు.

అతికించే సన్నటి పట్టీలు కూడా ఉన్నాయి, ఖర్చు తక్కువ. చెమట పట్టని చోట, పైపైన తెగినదానికి చాలు. మే నెలలో మన ఉక్కపోతకి సాయంత్రానికే లేచిపోతాయి. తలకి, పొట్ట మీద పెద్ద గాటుకి క్లిప్పులు తొందరగా పడతాయి, ముఖానికి మాత్రం వద్దు.

కుక్క కరిచినదాన్ని గమ్‌తో మూయమని ఎవరైనా అడిగితే ఒక్కటే మాట: ముందు కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగండి, ఆ వెంటనే టీకాకి రండి. అలాంటి గాయాన్ని అంటించి మూయకూడదు. మట్టి, పేడ, తుప్పు పడినది, చీము పట్టినది కూడా అంతే.

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. సిరిమాను పండక్కి చుట్టాలంతా దిగారు. మా మేనల్లుడు కొబ్బరికాయలు కొడుతూ కత్తి జారి ఎడమ అరచెయ్యి కోసుకున్నాడు. నేను డ్యూటీలో ఉన్నాను. కిరాణా కొట్లో దొరికే ఇన్‌స్టంట్ గమ్ ట్యూబు చూసి "అత్త హాస్పిటల్లో ఎట్టేది ఇదేగా" అని పోసేసుకున్నాడు. మూలపదార్థం ఒకే కుటుంబానిది, నిజమే. కానీ ఆసుపత్రి రకంలో అణువుకి పక్కన వేలాడే గొలుసు పొడుగు, తక్కువ వేడితో గట్టిపడుతుంది, క్రిములు లేకుండా సీలు చేసి వస్తుంది. కొట్లోది వస్తువులకోసం చేసింది, ఒంట్లో కణాలకి పడదు. పైగా కడగకుండా మూసేశాడు, కొబ్బరి పీచుతో సహా. మూడో రోజుకి చెయ్యి బూరెలా పొంగింది. పైన గట్టి పెంకు, కింద చీము. డాక్టరుగారు పెంకు తీసి కడిగి, అలాగే తెరిచి ఉంచి మాన్పించారు. మూడు వారాలు పట్టింది. మూడు కుట్లతో పోయేది.

అంటించిన గాయానికి ఇంటి దగ్గర పాటించాల్సింది కొంచెమే. నీళ్లు పోసుకోవచ్చు, రుద్దకూడదు, నానబెట్టకూడదు. చెరువులో ఈత వద్దు. ముఖ్యంగా దాని మీద ఆయింట్‌మెంట్, వాజిలీన్, నూనె ఏవీ రాయొద్దు, జిడ్డుకి గమ్ వదిలిపోతుంది. కుట్టు గాయానికి ఆయింట్‌మెంట్ రాసే అలవాటుతో ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే. టీటీ ఇంజక్షన్ సంగతి గమ్‌కైనా కుట్టుకైనా ఒకటే.

మానని పుండుకి

ఇక్కడ మెడికల్ షాపు హైడ్రోజెల్ పనికొస్తుంది. మన దగ్గర పుండు ఆరాలి, గాలి తగలాలి అంటారు. పసుపు, కాఫీపొడి, గడ్డిచామంతి పసరు అన్నీ ఆర్చడానికే పూస్తారు. 1962లో జార్జ్ వింటర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పందుల చర్మం మీద గాయాలు చేసి చూశాడు. కప్పి తేమగా ఉంచినవాటి మీద కొత్త చర్మం గాలికి ఆరినవాటికన్నా దాదాపు రెట్టింపు వేగంగా పాకింది. తేమ డ్రెస్సింగులకి ఊపు వచ్చింది ఆ తర్వాతే.

ఎంచుకోవడం కష్టం కాదు. పుండు ఎండి నల్లగా, పసుపుగా పక్కు కట్టి ఉంటే హైడ్రోజెల్ తేమనిచ్చి దాన్ని మెత్తబరుస్తుంది. పుండే కారుతుంటే జెల్ దండగ. చుట్టూ మంచి చర్మం కూడా నానిపోయి తెల్లబడుతుంది. దానికి సముద్రపు నాచుతో చేసే ఆల్జినేట్ గానీ ఫోమ్ డ్రెస్సింగ్ గానీ పెట్టాలి, అవి పీల్చుకుంటాయి. చిన్నపాటి కాలిన గాయానికి జెల్ షీటు చల్లగా హాయినిస్తుంది, తీసేటప్పుడు చర్మాన్ని పీకదు. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు జీడి రసానికి పొక్కిపోతుంటాయి కదా, అలాంటి చేతికి గాజు గుడ్డ అంటుకుపోయి, విప్పేటప్పుడు ప్రాణం పోతుంది. షీటుతో ఆ బాధ ఉండదు. షుగరు ఉండి కాలి మడమ నల్లబడితే మాత్రం ముందు రక్తప్రసరణ చూపించుకోవాలి. రక్తమే అందని కాలికి ఏ జెల్లూ చేసేదేం లేదు.

రక్తం ఆగకపోతే

రొయ్యల పొట్టు నుంచి తీసే కైటోసాన్‌తో పట్టీలు వస్తున్నాయి, మన దేశంలోనూ తయారవుతున్నాయి. కైటోసాన్‌కి ధనావేశం, ఎర్ర రక్తకణాల పైపొరకి రుణావేశం. రెండూ పట్టుకుని ముద్దగా మారి దారి మూసేస్తాయి. రక్తం గడ్డకట్టే ప్రక్రియ మందగించినవాళ్లకి కూడా ఇందుకే పనికొస్తుంది. ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునేవాళ్లు సూది తీశాక చేతిని నొక్కి పట్టుకుని కూర్చోవడం నాకు తెలుసు. అలాంటివాళ్లకి ఈ పట్టీ గురించి యూనిట్‌లో అడగమని చెబుతాను. ఇది రక్తం ఆపుతుంది అంతే, గాయం అంచులు కలపదు. రక్తం ఆగాక తీసేయాలి.

కంట్లో కండకి: దారమా, గమ్మా, సొంత రక్తమా

ఎండ, గాలి, ఉప్పుగాలి, దుమ్ములో బతికేవాళ్లకి ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదకి కండ పాకుతుంది. కళింగపట్నం, భావనపాడు వైపు వేటకెళ్లేవాళ్లలో, పొలాల్లో పనిచేసేవాళ్లలో చూస్తుంటాం. కోసి వదిలేస్తే మళ్లీ పెరిగేది ఎక్కువ. అందుకని అదే కంటి పైరెప్ప కింది నుంచి పలచని పొర తీసి ఆ ఖాళీలో పరుస్తారు. ఉల్లిపొర కన్నా పలచగా ఉంటుంది. దాన్ని కదలకుండా నిలపడమే అసలు పని.

దారంతో కుట్టొచ్చు. ఖర్చు తక్కువ, పొర జారదు. కానీ ఆపరేషన్ సమయం పెరుగుతుంది, ఆ తర్వాత రెండు మూడు వారాలు కంట్లో ఇసుక పడ్డట్టు ఉంటుంది. మా ఊరి ముసలాయన ఒకాయన "కన్ను బాగైందో నేదో గానీ, కనురెప్పలో ముల్లు దిగినట్టుందమ్మా" అనేవాడు.

ఫైబ్రిన్ గమ్‌తో అంటించొచ్చు. ఇందులో రెండు సీసాలు, ఒకదాంట్లో ఫైబ్రినోజెన్, ఇంకోదాంట్లో థ్రాంబిన్. కలిస్తే రక్తం గడ్డకట్టేటప్పుడు చివరి మెట్టులో ఏం జరుగుతుందో అదే జరిగి, తెల్లటి మెత్తటి వల ఏర్పడుతుంది. నీళ్లు పట్టుకున్న వలే కాబట్టి ఇదీ హైడ్రోజెల్ కిందే లెక్క. ఆపరేషన్ తొందరగా అయిపోతుంది, గరగర ఉండదు, కండ తిరగబెట్టడం కూడా కుట్టుతో పోలిస్తే తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. పొర జారడం లాంటి ఇబ్బంది మాత్రం కుట్టుకన్నా కొంచెం ఎక్కువ. ఖర్చు ఎక్కువ, ఇంకొకరి ప్లాస్మా నుంచి చేసింది. వైరస్‌లు చచ్చేలా శుద్ధి చేసే వస్తుంది గానీ, ఆ సంగతి రోగికి ముందే చెప్పాలి.

మూడోది సొంత రక్తం. కోసిన చోట ఊరే రక్తాన్నే గమ్‌గా వాడి, పొర పరిచి కొన్ని నిమిషాలు అలాగే ఉంచుతారు. పైసా ఖర్చు లేదు. పట్టు మిగతా రెండిటికన్నా తక్కువ.

నన్నడిగితే, స్తోమత ఉంటే ఫైబ్రిన్. లేకపోతే, కన్ను నలపకుండా ఉండగలిగే మనిషికి సొంత రక్తం. మరో వారంలో తెప్ప ఎక్కేస్తానని మొండికేసేవాడికి కుట్లే నయం. ఏది చేయించుకున్నా తర్వాత నల్లకళ్లద్దాలు తప్పవు.

ఒంటి లోపల: కుట్టుకి తోడు

అసలైన హైడ్రోజెల్ గమ్‌లను దగ్గరగా చూసింది న్యూరో థియేటర్‌లో. తల ఆపరేషన్ అయ్యాక మెదడు పైపొరను కుడతారు. ఎంత బాగా కుట్టినా సూది గుచ్చిన రంధ్రాలుంటాయి, అందులోంచి మెదడు చుట్టూ ఉండే నీరు కన్నీటి చుక్కలా ఊరుతుంది. అది ఆగకపోతే ఇన్‌ఫెక్షన్ భయం. అప్పుడు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే కెమికల్‌తో చేసిన జెల్ వాడతారు. రెండు సిరంజిలు పక్కపక్కన, రెంటికీ కలిపి ఒకే పిస్టన్. నొక్కితే మొనలో కలిసి తుంపరగా పడి, కొన్ని సెకన్లలోనే జెల్ అయిపోతుంది. నీలం రంగు కలిపి ఉంటుంది, ఎక్కడ పడింది, ఎంత మందం ఉంది అని కంటికి తెలియడానికి. మధ్యలో ఒక్క క్షణం వేలు ఆపితే మొనలోనే గట్టిపడి మూసుకుపోతుంది. కొత్త మొన పెట్టాలి. మొదటిసారి నా చేతిలో మూసుకుపోయినప్పుడు సర్జనుగారు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అప్పట్నుంచి అదనపు మొన ట్రేలో ముందే పెట్టుకుంటాను.

చాలామంది తప్పుగా అనుకునేది ఒకటుంది. ఈ జెల్ కుట్టు బదులు కాదు. పాతకాలం మన తీరంలో పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి పడవలు చేసేవారు. పలకల్ని పట్టి ఉంచేది తాడు, నీళ్లు రాకుండా ఆపేది అతుకుల్లో కూరిన గడ్డీ పీచూ. జెల్ చేసేది ఆ గడ్డి పని. "కుట్లు లేకుండా లోపల జెల్‌తో అంటించేస్తాం" అని ఎవరైనా చెబితే రెండోసారి అడగండి.

దీంతో ఇంకో జాగ్రత్త, ఉబ్బడం. హైడ్రోజెల్ నీళ్లు పీల్చి పెరుగుతుంది. ఇలాంటి జెల్‌లలో ఒకటి 50 శాతం దాకా, రక్తనాళాల కుట్ల మీద వాడే ఇంకొకటి నాలుగు రెట్ల దాకా ఉబ్బగలవు. పొట్టలో అయితే చోటుంటుంది. ఎముక గూట్లో, నరం పక్కన చోటెక్కడిది? అందుకే అక్కడ పలచగా, కొలిచినట్టు వేస్తారు. ఎక్కువ వేస్తే ఎక్కువ గట్టి అనే లెక్క ఇక్కడ తలకిందులు. తర్వాత కొన్ని వారాల్లో అది కరిగి ఒంట్లోంచి పోతుంది.

గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం దగ్గర వాడేది వేరే రకం: ఆవు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీను, దాన్ని గట్టిపరిచే గ్లుటరాల్డిహైడ్ అనే కెమికల్. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. పట్టు చాలా గట్టి. కానీ గ్లుటరాల్డిహైడ్ నరాలకి, కణజాలానికి మంచిది కాదు, గట్టిపడ్డాక సాగదు. ఎదిగే పిల్లల నాళం చుట్టూ ఉంగరంలా వేస్తే నాళంతోపాటు అది పెరగదు. ఊపిరితిత్తి ఆపరేషన్ తర్వాత గాలి లీకుకి మనిషి ఆల్బుమిన్‌తో చేసిన సాగే జెల్ ఉంది. ఊపిరితిత్తి ప్రతి శ్వాసకీ ఉబ్బి తగ్గేది, గట్టి పెంకు అక్కడ చిట్లిపోతుంది. శుక్లాల ఆపరేషన్ గాటుని మూసే జెల్‌కి 2014లో అనుమతి వచ్చింది. మామూలు శుక్లాల ఆపరేషన్‌లో ఆ గాటు దానంతటదే మూసుకుంటుంది కాబట్టి అందరికీ అక్కర్లేదు.

వరసగా చెప్పాలంటే పట్టులో ఫైబ్రిన్ అన్నిటికన్నా మెతక, ఒంటికి అన్నిటికన్నా చుట్టం. ఆల్బుమిన్ గ్లుటరాల్డిహైడ్ అన్నిటికన్నా గట్టి, అన్నిటికన్నా మొరటు. నీలం జెల్ మధ్యలో. ఏ చోటుకి ఏది అన్నది సర్జను ఎంచుకుంటారు, రోగి ఎంచుకునేది కాదు. రోగి అడగాల్సింది "ఎందుకు ఇదే?" అని.

పేపర్లో వచ్చేవి

స్లగ్ అనే చిప్పలేని నత్త జిగురును చూసి అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీలో చేసిన జెల్ 2017లో పంది గుండె మీద రక్తం ఉండగానే అంటుకుంది. అక్కడిదే ఎం.ఐ.టి. అనే ఇంకో యూనివర్సిటీ వాళ్లు 2019లో రెండువైపులా అంటుకునే పట్టీ చేశారు. అది ముందు తడిని పీల్చేసి, అయిదు సెకన్లలో పట్టుకుంటుంది. పడవ అడుగున పట్టే బార్నకిల్ గుల్లజీవిని చూసి 2021లో రక్తం ఆపే పేస్టు చేశారు. రాళ్లకి అంటుకునే ఆల్చిప్పల జిగురు మీద పని అంతకు చాలా ముందే మొదలైంది. మనకిది వింతేం కాదు, పొందూరులో పత్తి ఏకడానికి వాలుగ చేప దవడ వాడటం చూస్తూనే ఉన్నాం. కానీ ఇవి ప్రయోగశాలల్లో జంతువుల మీద పనిచేసిన సంగతులు. వీటి పేరు చెప్పి ఆపరేషన్ వాయిదా వేసుకోవద్దు.

ఇక లోపల ఏదైనా గమ్ వాడతామని చెబితే మూడు అడగండి. దేంతో చేసింది? మనిషి ప్లాస్మానా, ఆవుదా, కెమికలా? అలర్జీలుంటే, కొన్ని సరుకులు వద్దనే నమ్మకాలుంటే ఇప్పుడే చెప్పాలి. బిల్లులో విడిగా పడుతుందా, ప్యాకేజీలోనేనా? ఎన్నాళ్లకి కరుగుతుంది?

ఆపరేషన్ అయ్యాక డబ్బా మీది స్టిక్కర్ కేస్ షీట్‌లో అంటిస్తాం. దానికి ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. రెండు వారాల తర్వాత తలనొప్పో జ్వరమో వచ్చి ఇంకో ఊళ్లో స్కాన్ తీయిస్తే, ఉబ్బిన జెల్ అచ్చం నీరు చేరినట్టే కనిపిస్తుంది. అక్కడి డాక్టరుకి ఆ ఫోటో చూపిస్తే అది జెల్ కావచ్చని ముందే తెలుస్తుంది.